ఆవిరి బదులు వేడి సాల్వెంట్‌తో ఆయిల్ శాండ్స్ నుంచి నూనె తీయడం నిజంగా లాభమేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. కందుకూరు నుంచి కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు. సెమినార్‌కి "వేడి చేసిన సాల్వెంట్‌తో ఆయిల్ శాండ్స్ నుంచి చిక్కటి నూనె తీయడం" అనే అంశం తీసుకున్నాడట. ఆయిల్ శాండ్స్ అంటే తారులాంటి చిక్కటి నూనె అంటుకుని ఉన్న ఇసుక పొరలు, ఆ నూనెనే బిటుమెన్ అంటారు. సాల్వెంట్ అంటే దాన్ని కరిగించే ద్రావకం. చదివిన ప్రతిచోటా ఆవిరి కన్నా ఇదే మేలని ఉంది, అంత మేలైతే కెనడాలో అందరూ ఎందుకు మారలేదు అన్నది మొదటి ప్రశ్న. రామాయపట్నం దగ్గర రిఫైనరీ వస్తే అలాంటి నూనె మన తీరానికి వస్తుందా అన్నది రెండోది. రోడ్డు తారును పెట్రోల్‌లో వేసి వేడిచేసి స్టేజీ మీద డెమో చూపిద్దామనుకుంటున్నా సార్, సరేనా అన్నది మూడోది.

మూడోదానికే ముందు చెప్తాను. వద్దు తమ్ముడూ. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. కనపడకుండా నేల వెంట పాకి, నాలుగు బెంచీల అవతల ఉన్న స్విచ్ బోర్డు దాకా పోతుంది. దానికి నిప్పు అంటుకుంటే మంట మళ్లీ నీ గిన్నె దగ్గరికే వస్తుంది. వేరే డెమో ఒకటి చివర్లో చెప్తాను, వంటింటి సామాన్లతో అయిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. పద్ధతి పనిచేస్తుంది. నీళ్లు దాదాపు అక్కర్లేదు, ఇంధనం చాలా ఆదా అవుతుంది, వచ్చే నూనె కూడా కాస్త పలచన. కానీ లాభమో నష్టమో తేలేది లోపలికి పంపిన సాల్వెంట్ ఎంత వెనక్కి వచ్చింది అన్న లెక్క దగ్గర. బిటుమెన్ కరుగుతుందా అని ఎవరికీ అనుమానం లేదు. మిగతా కష్టాలన్నీ తిరిగి తిరిగి ఆ లెక్కకే వస్తాయి. అందుకే కంపెనీలు ఒక్కసారిగా ఆవిరి మానేయకుండా, ఆవిరిలో కాస్త సాల్వెంట్ కలపడం దగ్గర మొదలుపెట్టాయి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో తెలియాలి కదా. మాది కోవూరు. చదువయ్యాక తొమ్మిదేళ్లు నెల్లూరు పక్కనే ఒక తవుడు నూనె ప్లాంటులో చేశాను. రైస్ మిల్లుల నుంచి వచ్చే తవుడును హెక్సేన్ అనే సాల్వెంట్‌తో కడిగి నూనె తీసే ప్లాంటు. ఆ తర్వాత పన్నెండేళ్లు కెనడాలోని అల్బర్టాలో, భూమిలోకి ఆవిరి పంపి బిటుమెన్ తీసే సైట్లలో ప్రాసెస్ పని. చివరి కొన్నేళ్లు ఆవిరితో పాటు సాల్వెంట్ పంపే ట్రయల్స్ మీద ఉన్నాను. తవుడు నూనె ప్లాంటు నుంచి వచ్చానంటే అక్కడ మొదట్లో నవ్వారు. నాకైతే రెండూ ఒకే పని. ఒకచోట తవుడును అంటుకున్న నూనె, ఇంకోచోట ఇసుకను అంటుకున్న నూనె. తేడా ఒక్కటే. తవుడు నా కళ్లముందు ఎక్స్‌ట్రాక్టర్‌లో ఉండేది, ఇసుక 300 మీటర్ల లోతులో ఉండేది.

ముందు ఆవిరి సంగతి తెలుసుకో, అప్పుడే సాల్వెంట్ ఎందుకో అర్థమవుతుంది

అల్బర్టాలో అథబాస్కా, కోల్డ్ లేక్, పీస్ రివర్ అని మూడు పెద్ద నిక్షేపాలున్నాయి. లోపల ఇసుక 10 డిగ్రీలకు అటూ ఇటూగా చల్లగా ఉంటుంది. ఆ చలికి అథబాస్కా బిటుమెన్ చిక్కదనం 10 లక్షల సెంటీపాయిజ్ దాటుతుంది. నీళ్లది 1. ఆముదం సీసాను చలికాలం పొద్దున వంచితే ఎంత బద్ధకంగా జారుతుందో చూశావు కదా, దానిది దాదాపు 1000. అంటే ఇది ఆముదానికి వెయ్యి రెట్లు. బోరు వేసి మోటారు పెడితే చుక్క రాదు.

పైపైన ఉన్నదాన్ని తవ్వి తీసి వేడినీళ్లతో కడుగుతారు. అలా తవ్వగలిగింది మొత్తంలో 20 శాతం దాకానే. మిగతా 80 శాతం తవ్వడానికి వీల్లేనంత లోతులో ఉంది. దానికోసం ఇంపీరియల్ ఆయిల్‌లో పనిచేసిన రోజర్ బట్లర్ 1970ల చివర్లో ఒక ఉపాయం తెచ్చాడు. ఒకదాని కింద ఒకటిగా, మధ్యలో సుమారు 5 మీటర్ల ఎడంతో, అడ్డంగా కిలోమీటరు దాకా పోయే రెండు బావులు. పై బావిలోంచి ఆవిరి వదులుతారు. అది పైకి లేచి ఇసుకలో ఒక గదిలాంటి చోటు చేసుకుంటుంది, దాన్ని ఛాంబర్ అంటారు. ఆవిరి ఆ గది అంచుల్లో నీరుగా మారుతూ వేడినిస్తుంది, కరిగిన బిటుమెన్ తన బరువుకు తానే జారి కింది బావిలో పడుతుంది. దీన్నే సాగ్‌డీ అంటారు. 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆ 10 లక్షల సెంటీపాయిజ్ కాస్తా 10కి దిగిపోతుంది.

బాగానే ఉంది. ఖర్చు చూడు. ఒక బ్యారెల్ నూనెకు సుమారు మూడు బ్యారెళ్ల నీళ్లను ఆవిరి చేయాలి. దానికి వెయ్యి ఘనపుటడుగులు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ సహజవాయువు కాలాలి. నీళ్లలో చాలావరకు శుద్ధి చేసి మళ్లీ వాడతారు గానీ, ఆ శుద్ధి చేసే ప్లాంటే నూనె ప్లాంటు కన్నా పెద్దదిగా కనపడుతుంది. నేను చేరిన మొదటి వారం సైటంతా తిప్పి చూపించారు. నూనె ఎక్కడ సార్ అని అడిగాను, అంతగా నీళ్ల ట్యాంకులే ఉన్నాయి. పైగా ఆ వేడిలో నూనెకు చేరేది కొంతే. మిగతాదంతా ఇసుకకీ, ఇసుకలోని నీటికీ, పైన ఉన్న రాతి కప్పుకీ పోతుంది. ఇసుమంత నూనె కోసం ఇసుకంతా కాల్చడం అన్నమాట.

సాల్వెంట్ ఏం చేస్తుంది

బట్లరే తర్వాత, మోక్రిస్ అనే సహచరుడితో కలిసి, ఆవిరి బదులు ప్రొపేన్ లాంటి వాయువును పంపితే ఎలా ఉంటుందో చూశాడు. వేడి లేదు, కరిగించడం మాత్రమే. దాని పేరు వేపెక్స్. ల్యాబ్‌లో బాగా కనిపించింది గానీ, చల్లటి బిటుమెన్‌లోకి సాల్వెంట్ ఇంకడం మహా నెమ్మది. వేడి బండరాయి లోపలికి పోయినంత వేగంగా ద్రావకం తారులోకి పోదు. తవుడు ప్లాంటులో చల్లటి హెక్సేన్‌తో ఎవరూ నడపరు, 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంచుతారు. కారణం అదే. హెక్సేన్ 65 దాటితే మరుగుతుంది, కాబట్టి దానికి కాస్త కింద, వీలైనంత వేడిగా.

రెండూ కలిపితే? వేడి చేసిన సాల్వెంట్ ఆవిరిని, అంటే బ్యూటేన్ లేదా ప్రొపేన్ వాయువును, ఛాంబర్‌లోకి పంపుతారు. అది చల్లటి బిటుమెన్ తగలగానే ద్రవంగా మారుతుంది, మారుతూ వేడినిస్తుంది, ఆ ద్రవమే నూనెలో కలిసి పలచన చేస్తుంది. ఒక్క దెబ్బకు రెండు పనులు. 50, 60 డిగ్రీల వేడి ఒక్కటే అయితే బిటుమెన్ ఇంకా ఆముదం కన్నా చాలా చిక్కగానే ఉంటుంది. సాల్వెంట్ ఒక్కటే అయితే ఇంకడం ఆలస్యం. రెండూ కలిస్తే 60 డిగ్రీల్లోనే జారిపోతుంది. ఇసుకను 200 దాకా కాల్చాల్సిన పని లేదు.

వాయువు ద్రవమైతే వేడి ఎలా వస్తుంది అని సెమినార్‌లో ఎవరైనా అడిగితే, పెళ్లి వంటల దగ్గర సిలిండర్‌ను గుర్తుచేయి. పెద్ద పొయ్యి కింద కమర్షియల్ సిలిండర్ గంటసేపు ఫుల్‌గా మండితే దాని ఒళ్లంతా చెమట పట్టి, కింది సగం మంచులా అవుతుంది. గ్యాస్ సరిగ్గా రాదు. వంటమాస్టారు సిలిండర్‌ను నీళ్ల తొట్టిలో కూర్చోబెడతాడు. లోపలి ద్రవం వాయువు కావడానికి వేడి లాక్కుంటోంది, అందుకే ఆ చల్లదనం. దాన్ని తిప్పి ఊహించు. అదే వాయువు మళ్లీ ద్రవమైతే, లాక్కున్న వేడినంతా వదిలేస్తుంది. ఆ సిలిండర్‌లో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమమే. ఛాంబర్‌లోకి పంపేది కూడా వాటిలోనే ఏదో ఒకటి.

ఇక్కడ ఒక తెలివైన ప్రశ్న రావచ్చు. కిలో నీటి ఆవిరి ద్రవమైతే 2257 కిలోజౌళ్లు ఇస్తుంది, కిలో బ్యూటేన్ ఇచ్చేది 385 మాత్రమే, ఆరో వంతు. మరి వేడెక్కించడానికి ఆవిరే మేలు కదా? వేడి మోయడంలో ఆవిరిదే పైచేయి, నిజమే. కానీ ఇక్కడ మోయాల్సిన వేడే తక్కువ. 10 డిగ్రీల ఇసుకను 50కి తేవడం వేరు, 220కి తేవడం వేరు. బ్యూటేన్‌ను ఎక్కువగా తిప్పాలి, అది తిరిగి వస్తే ఫర్వాలేదు. చూశావా, మళ్లీ ఆ "తిరిగి వస్తే" దగ్గరికే వచ్చాం.

ఎంత వేడిగా పంపాలో నీ చేతిలో పూర్తిగా ఉండదు. స్వచ్ఛమైన సాల్వెంట్ ఆవిరి ఏ ప్రెషర్‌లో ఉందో, అది ఎన్ని డిగ్రీల దగ్గర ద్రవం కావాలో ఆ ప్రెషరే కట్టేస్తుంది. బ్యూటేన్ 40 డిగ్రీల దగ్గర ద్రవం కావాలంటే సుమారు 3.8 బార్, 60 దగ్గర 6.4 బార్ కావాలి. ప్రొపేన్‌కి 40 దగ్గరే దాదాపు 13.7 బార్. కాబట్టి లోతు తక్కువ ఉన్న చోట బ్యూటేన్, లోతుగా, ప్రెషర్ పట్టే చోట ప్రొపేన్ అని ఒక మోటు లెక్క. ప్రెషర్ పెంచేస్తే పోలా అనుకోకు. 2006 మేలో అల్బర్టాలో జోస్లిన్ అనే సాగ్‌డీ సైట్‌లో పై రాతి కప్పు చీలి ఆవిరి నేల చీల్చుకుని పైకొచ్చింది, రాళ్లు ఎగిరిపడి పెద్ద గొయ్యి పడింది. ఆవిరి కాబట్టి అంతటితో పోయింది. అక్కడ బ్యూటేన్ ఉండి ఉంటే అన్న మాట మా సేఫ్టీ మీటింగుల్లో చాలాసార్లు వచ్చేది. ఇంకో హద్దు కూడా ఉంది. ప్రొపేన్ 97 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ద్రవం కాదు. కాబట్టి "వేడి సాల్వెంట్" అనగానే భగభగ మండే వేడి అనుకోవద్దు. చేయి పెట్టగలిగేంత దగ్గర నుంచి చేయి కాలేంత వరకు, అంతే.

గాలి చేసిన పని

పుస్తకాల్లో దీనికి ఒక పేరాయే ఇస్తారు. నాకైతే మొత్తం కథలో ఇదే ముఖ్యం.

తవుడు ప్లాంటులో మూడో ఏడాది, రోహిణి కార్తె, నైట్ షిఫ్ట్. రాత్రి ఒంటిగంట దాటాక హెక్సేన్ వాసన మొదలైంది. ఆవిరైన హెక్సేన్‌ను చల్లార్చి ద్రవం చేసే కండెన్సర్ ఉంటుంది, దాని తర్వాత వెంట్, అంటే మిగిలిన వాయువు బయటికి పోయే గొట్టం. వాక్యూమ్ గేజ్ పడిపోతోంది, వెంట్ నుంచి హెక్సేన్ ఎగిరిపోతోంది. నేను కూలింగ్ టవర్ దగ్గరికి పరిగెత్తాను, ఎండాకాలం కదా, నీళ్లు వేడెక్కాయేమో అని. నీళ్లు బాగానే ఉన్నాయి, పంపు ప్రెషర్ బాగానే ఉంది. నాకేమీ తోచలేదు. మా ఆపరేటర్ ఒకాయన, పదో తరగతి కూడా చదవలేదు, కండెన్సర్ నుంచి బయటికి వచ్చే నీళ్ల పైపును అరచేత్తో పట్టుకున్నాడు. "చల్లగా ఉంది సార్. గాలి తాగతా ఉంది యాడో" అన్నాడు.

ఆలోచించు. లోపల హెక్సేన్ ద్రవమవుతూ ఉంటే దాని వేడి నీళ్లకు ఎక్కాలి, బయటికి వచ్చే నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. చల్లగా ఉన్నాయంటే లోపల ద్రవం కావడం లేదు. ఎందుకంటే ఎక్కడో గాస్కెట్ కోసుకుపోయి గాలి లోపలికి వస్తోంది. గాలి ద్రవం కాదు. హెక్సేన్ వచ్చి ద్రవమై కిందికి పోతుంది, గాలి మాత్రం ట్యూబుల చుట్టూ దుప్పటిలా మిగిలిపోతుంది. తర్వాత వచ్చే హెక్సేన్‌కి చల్లటి ట్యూబు తగలనివ్వదు. డిస్టిలేషన్ కాలమ్ అద్దం దగ్గర గాస్కెట్ అని తెల్లారేదాకా వెతికి పట్టుకున్నాం. ఆ ఒక్క రాత్రి పోయిన హెక్సేన్‌కు మా మేనేజర్ నెల రోజులు నన్ను చూసినప్పుడల్లా మొహం తిప్పుకున్నాడు.

భూమి లోపల సరిగ్గా ఇదే జరుగుతుంది. బిటుమెన్‌లో సహజంగానే కాస్త మీథేన్ కరిగి ఉంటుంది. వేడికి అది బయటపడుతుంది. ఛాంబర్ ప్రెషర్లకు మీథేన్ ద్రవం కాదు కాబట్టి బిటుమెన్ గోడ ముందు దుప్పటి కప్పుతుంది. వెనక నుంచి బ్యూటేన్ ఎంత తోసినా గోడను తాకదు, నూనె రాక తగ్గిపోతుంది. అక్కడ అరచేత్తో పట్టుకుని చూడ్డానికి పైపు లేదు, విప్పడానికి వెంట్ లేదు. చేయగలిగింది ఒక్కటే. లోపలికి పంపే సాల్వెంట్‌ను వీలైనంత స్వచ్ఛంగా ఉంచడం, అది ద్రవమై కిందికి జారేటప్పుడు మీథేన్‌ను కాస్త కాస్త తనలో కరిగించుకుని పైకి తెచ్చేలా చూడడం, పైన దాన్ని డిస్టిలేషన్‌లో వేరుచేసి, కడిగిన బ్యూటేన్‌ను మళ్లీ పంపడం. ఈ శుద్ధి యూనిట్ ఖర్చును చాలా వ్యాసాలు తేలిగ్గా దాటేస్తాయి. నీ ప్రజెంటేషన్‌లో మాత్రం దాటకు.

తారులో బరువంతా లోపలే మిగిలిపోతే

బిటుమెన్‌లో 15 నుంచి 20 శాతం దాకా అస్ఫాల్టీన్లు ఉంటాయి, అన్నిటికన్నా బరువైన, నల్లటి భాగం. ప్రొపేన్, బ్యూటేన్ లాంటి తేలికైన సాల్వెంట్లకు అవి కరగవు. సాల్వెంట్ మోతాదు పెరిగితే అవి విడిపోయి ఇసుకలోనే ఉండిపోతాయి. రిఫైనరీలకు ఇది కొత్త కాదు, లూబ్రికెంట్ల కోసం ప్రొపేన్‌తో అస్ఫాల్టీన్లు తీసేయడం పాత పద్ధతి. మన పక్కనే మద్రాసులో మణలి రిఫైనరీలోనూ ఉంది. అదే పని భూమిలోనే జరిగిపోతే, పైకి వచ్చే నూనె పలచగా, మెరుగ్గా ఉంటుంది. కంపెనీలు దీన్ని గొప్పగా చెప్పుకుంటాయి, తప్పేం లేదు.

కానీ విడిపోయినవి ఎక్కడ కూర్చుంటాయి? తవుడు నూనెలో మైనం ఉంటుంది. వేడిగా ఉన్నంతసేపూ నూనె బంగారంలా కనిపిస్తుంది. ట్యాంకులో చల్లారాక అడుగున లేత గోధుమరంగు గుజ్జు చేరుతుంది. ఒకసారి ట్యాంక్ అవుట్‌లెట్ మూసుకుపోతే పార పట్టుకుని దిగి గీకాం. ఇసుక రంధ్రాల్లో, కింది బావి జల్లెడలో అస్ఫాల్టీన్ పేరుకుంటే దిగి గీకేవాడెవడు? ఛాంబర్ అంచుల్లో పలుచగా పరుచుకుంటే ఫర్వాలేదు, బావి నోట్లో చేరితే ఆ బావి పని అయిపోయినట్టే. పైగా నూనెలో కొంత బరువు లోపలే వదిలేస్తున్నావు, అంటే అమ్ముకోగలిగిన బ్యారెళ్లలో కొన్ని వదిలేస్తున్నావు. ప్రొపేన్‌తో ఈ బెడద ఎక్కువ, బ్యూటేన్‌తో తక్కువ, హెక్సేన్‌తో ఇంకా తక్కువ.

సాల్వెంట్ లెక్క: ఒక సిలిండర్ ఎన్ని బ్యారెళ్లకి

మా ప్లాంటులో ప్రతి షిఫ్ట్ చివర ఒక పని ఉండేది. హెక్సేన్ ట్యాంకులో డిప్‌స్టిక్ వేసి, తడి ఎంతదాకా ఉందో చూసి లాగ్‌బుక్‌లో రాయడం. టన్ను తవుడుకు ఎన్ని లీటర్లు పోయిందో దాన్నిబట్టి తేలేది. నాలుగైదు లీటర్లు అంటే యజమాని టీ తెప్పించేవాడు. ఎనిమిది దాటితే మెకానిక్‌ను పిలిపించేవాడు. నూనె ఎంత వచ్చిందని అడగడం ఆ తర్వాతే.

ఇప్పుడు భూమిలో లెక్క వేద్దాం, కాగితం మీద ఎవరైనా వేయగలిగినదే. ఒక బ్యారెల్, అంటే 159 లీటర్ల నూనె బయటికి వస్తే ఇసుకలో అంత చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో సాల్వెంట్ వాయువు నిండుతుంది. బ్యూటేన్ 40 డిగ్రీల దగ్గర, 3.8 బార్‌లో, ఘనపు మీటరుకు తొమ్మిది కిలోల పైచిలుకు బరువుంటుంది. అంటే బ్యారెల్‌కు కిలోన్నర. మన వంటింటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. పది బ్యారెళ్ల నూనె తీస్తే, దాదాపు ఒక వంటింటి సిలిండర్ గ్యాస్ భూమిలో నిలిచి ఉంటుంది. ప్రొపేన్ అయితే అదే 40 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 30 కిలోలు, అంటే మూడు బ్యారెళ్లకే ఒక సిలిండర్. ఇది వాయువు లెక్క మాత్రమే. ఇసుకకు అంటుకుని మిగిలిన నూనెలో కరిగి ఉండేది, ఎక్కడో చల్లటి మూలల్లో ద్రవమై ఆగిపోయేది దీనికి అదనం.

బావి జీవితం చివర్లో ప్రెషర్ తగ్గించి ఆ వాయువులో చాలా భాగం వెనక్కి లాగొచ్చు. కానీ అది ఎన్నో ఏళ్ల తర్వాత మాట. అంతదాకా ఆ బ్యూటేన్ కొన్న డబ్బు నేలలో కూర్చుని ఉంటుంది, బ్యాంకు వడ్డీ మాత్రం పైన నడుస్తూనే ఉంటుంది. పైగా రాతిలో కనపడని చీలిక ఉన్నా, పక్కన నీటి పొర ఉన్నా, అటు జారిపోయినది ఇక రాదు. ఆవిరి జారిపోతే నీళ్లు పోయాయనుకుంటాం. బ్యూటేన్ జారిపోతే కొనుక్కున్న సరుకు పోయినట్టు. నేను పనిచేసిన ట్రయల్‌లో ఒక బావి జతలో లోపలికి పోయిన దానికీ బయటికి వచ్చిన దానికీ లెక్క కుదరలేదు. మీటర్లు మార్చాం, శాంపిల్ సీసాలు మార్చాం, మూడు నెలలు కొట్టుకున్నాం. చివరికి పక్క బావి జత నూనెలో మా సాల్వెంట్ కనపడింది. మా సొమ్ము పక్కింటివాడి ఖాతాలో పడుతోంది. పక్కింటివాడూ మా కంపెనీయే కావడం అదృష్టం.

మరి ఎవరూ చేయలేదా?

చేశారు. స్వచ్ఛమైన వేడి సాల్వెంట్ పద్ధతికి బాగా తెలిసిన పేరు ఎన్‌సాల్వ్. అథబాస్కాలోని డోవర్ అనే చోట 2014లో బ్యూటేన్‌తో పైలట్ మొదలైంది, కొన్నేళ్లలో లక్ష బ్యారెళ్లకు పైగా తీశారు. నీళ్లు లేకుండా, తక్కువ వేడితో నూనె వస్తుందని నేల మీద చూపించిన ప్రయోగం అది. కానీ అదే 2014 చివర్లో ముడి చమురు ధర కూలింది. వంద డాలర్ల పైన ఉన్నది 2016 మొదట్లో 30 కిందికి వచ్చింది. అలాంటప్పుడు కొత్త పద్ధతికి వందల కోట్లు పెట్టేదెవరు? పైలట్ 300 మీటర్ల బావి మీద బాగుంటే, కిలోమీటరు బావి మీద కూడా అంతే బాగుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు కూడా.

ఆవిరిలో సాల్వెంట్ కలిపే దారి మాత్రం నెమ్మదిగా సాగుతూ వచ్చింది. ఇంపీరియల్ ఆయిల్ కోల్డ్ లేక్‌లో, ఆవిరితో పాటు కొద్ది శాతం తేలిక హైడ్రోకార్బన్ ద్రవం కలిపే లేజర్ అనే పద్ధతిని 2007 నుంచి పెద్ద ఎత్తున వాడుతోంది. అదే కోల్డ్ లేక్‌లో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ప్రాజెక్టు 2024లో నూనె ఇవ్వడం మొదలుపెట్టింది. అది మొదటి నుంచీ సాల్వెంట్ కలిపిన సాగ్‌డీగానే కట్టింది. ఉన్న బాయిలర్లు ఉన్నట్టే ఉంటాయి, ఉన్న బావులు ఉన్నట్టే ఉంటాయి, ఆవిరి కాస్త తగ్గుతుంది. సాల్వెంట్ దొరక్కపోతే ఆ రోజుకు ఆవిరి మీద నడుపుకోవచ్చు. సైట్ మేనేజర్ అనేవాడికి ఈ చివరి వాక్యం విలువ మామూలుది కాదు.

నా అభిప్రాయం అడిగితే, పొర పలచగా ఉండి ఆవిరి వేడంతా పైకప్పుకే పోయే చోట్ల, నీళ్లు దొరకని చోట్ల, స్వచ్ఛమైన సాల్వెంట్‌కే నా ఓటు. మందంగా, శుభ్రంగా ఉన్న ఇసుకలో ఇప్పటికే బాయిలర్లు కట్టుకున్నవాళ్లు ఆవిరి వదలరు, వదలాల్సిన పనీ లేదు.

రామాయపట్నం సంగతి

మన దగ్గర ఇలా తీసే నూనె లేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో దొరికేది గ్యాస్, తేలికైన నూనె. దేశంలో చిక్కటి నూనె కావాలంటే గుజరాత్‌లో మెహసానా వైపు చూడాలి. అక్కడ బలోల్, సంథాల్ క్షేత్రాల్లో ఓఎన్‌జీసీ భూమిలోనే కొంత నూనెను మండించి, ఆ వేడితో మిగతాది తీస్తుంది. రాజస్థాన్‌లో బాఘేవాలాలో ఆయిల్ ఇండియా ఆవిరి పంపి తీస్తుంది. సెమినార్‌లో ఈ రెండూ చెప్తే ఎగ్జామినర్ కళ్లు తెరుస్తాడు.

కెనడా నూనె మాత్రం ఓడల్లో రావచ్చు. 2024 మేలో ట్రాన్స్ మౌంటెన్ విస్తరణ పైపులైన్ మొదలయ్యాక పసిఫిక్ తీరానికి ఎక్కువ నూనె చేరుతోంది, అక్కడి నుంచి ఆసియాకు వస్తోంది. బిటుమెన్‌ను ఉన్నదున్నట్టు పైపులో పంపలేరు కాబట్టి దానిలో 30 శాతం దాకా పలచటి ద్రవం కలుపుతారు. ఇక్కడా సాల్వెంటే, చూశావా. ఏ రిఫైనరీ అయినా దాన్ని కొనాలంటే అడుగు సరుకును విరగ్గొట్టే కోకర్ లాంటి యూనిట్లు కావాలి. కాబట్టి రామాయపట్నంలో కట్టే రిఫైనరీ గురించి అడగాల్సింది "కెనడా నూనె వస్తుందా" అని కాదు, "కోకర్ పెడుతున్నారా" అని.

డెమో

రోడ్డుకు వేసే తారు అసలు రిఫైనరీ అడుగున మిగిలిన బిటుమెనే కాబట్టి నీ ఆలోచన తప్పు కాదు, పెట్రోలే తప్పు. దాని బదులు బెల్లం తీసుకో. ముదురు పాకం పట్టి, కడిగి ఆరబెట్టిన పెన్న ఇసుకలో కలుపు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టు, అల్బర్టా చలి అనుకో. పొద్దున మూడు టీ వడపోతల్లో సమానంగా సర్దు. ఒకదాన్ని ఊరికే వదిలేయి, ఏమీ కారదు. రెండోదాని మీద చెంచాతో చల్లటి నీళ్లు, మూడోదాని మీద అన్నే చెంచాల వేడినీళ్లు పోయి. బెల్లానికి నీళ్లే సాల్వెంట్. మూడోదాని కింద గ్లాసులో రంగు ఎంత తొందరగా ముదురుతుందో వెనక బెంచీ వాడికి కూడా కనపడుతుంది.

పోసిన నీళ్లు ఎన్ని, కింద చేరినవి ఎన్ని అని కొలిచి బోర్డు మీద రాయి. తేడా ఉంటుంది, అది ఇసుకలో ఉండిపోయింది. ఆ ఇసుకను పారేయకుండా మూడు వడపోతలూ కిటికీలో పెట్టి మర్నాడు చూడు. ఏ వడపోతలో బెల్లం ఎంత మిగిలిందో చీమల్ని చూసి చెప్పేయొచ్చు.